ఫ్రెంచి ఇంటికప్పు కోసం సింగపూరులో ఆరు రోజులు

సింగపూరు వెళ్ళొచ్చానంటే అందరూ ముందు అడిగేది సింహం నోట్లోంచి నీళ్ళు పడే బొమ్మ చూశావా అని. చూడలేదు. బంగారం కొన్నావా అన్నది రెండో ప్రశ్న. కొనలేదు. ఆరు రోజులూ మెడ వెనక్కి విరుచుకుని ఇళ్ళ కప్పులు చూసి వచ్చాను. ఆ మెడనొప్పి ఇంకా తగ్గలేదు. తగ్గితే సగం సంగతులు మర్చిపోతానేమోనని ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను సివిల్ ఇంజనీర్ని. పదహారేళ్ళు ఒకరి కింద పనిచేశాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు వాళ్ళంతా పోటీలు పడి ఇళ్ళు కట్టించుకుంటుంటే, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని సొంతంగా పని మొదలుపెట్టాను. ఆడమనిషికి ఇల్లు కట్టే పని ఇవ్వడానికి అందరూ వెనకాడుతుంటే కొండాపూర్‌లో ప్రభాకర్ గారు ఒక్కరే ఇచ్చారు. ఆయన నాలుగేళ్ళు సింగపూరులో ఉద్యోగం చేసి వచ్చారు. అక్కడ రోజూ బస్సు కిటికీలోంచి కనిపించే ఒక ఇంటి మీద మనసు పడి, ఫోటో తీసి తెచ్చుకున్నారు. నాకూ అలాంటిదే కావాలన్నారు.

ఆ ఇంటి కప్పు నాలుగు వైపులా దాదాపు గోడలాగే నిటారుగా దిగుతుంది. పైభాగం మాత్రం కొంచెమే వాలు. ఆ నిటారు భాగంలోంచి బుల్లి కిటికీలు బయటికి తొంగి చూస్తుంటాయి. దీన్ని మాన్సార్డ్ అంటారు, ఫ్రెంచి వాళ్ళ పద్ధతి. కప్పు కిందే ఒక అంతస్తు ఊరికే దొరికినట్టు ఉంటుంది. ఎండకి ఒక లెక్క, వానకి ఒక లెక్క ఉన్న మన దేశంలో ఇది నిలుస్తుందా అని నలుగురూ అన్నారు. నిలబెడతానన్నాను.

మే నెలలో పడ్డ మొదటి గాలివానకే కారింది. ఎక్కడంటారా, సరిగ్గా దేవుడి గదిలో. పటాలు ఇంకా పెట్టలేదు కాబట్టి సరిపోయింది. ప్రభాకర్ గారు తడిసిన గోడ చూసి, "ఈశాన్యానికి నీళ్ళు రావాలన్నాను గానీ దేవుడి నెత్తిన పడాలన్నానా మేడమ్?" అన్నారు. పెంకులు సరిగ్గా అతకలేదని నేను అక్కడికక్కడే తేల్చేశాను. పెంకులు పరిచిన మేస్త్రి సూరిబాబుని మర్నాడే పనిలోంచి పంపించేశాను. అయినా ప్రభాకర్ గారు మెత్తబడలేదు. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నారు, ఆ టోపీ పీకేసి అందరిలాగా స్లాబు వేసెయ్యమన్నారు.

మొదటి ఇంటి కప్పే పీకించుకున్న ఇంజనీరుకి రెండో ఇల్లు ఎవరిస్తారు? రెండు వారాలు గడువు అడిగాను. ఏడాది పొడుగునా వానలు పడే ఊళ్ళో ఆ ఫోటోలో ఇల్లు ఎలా నిలబడిందో కళ్ళతో చూసి వస్తానన్నాను. ఖర్చు నాదే అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, సరే వెళ్ళండన్నారు.

వుడ్‌ల్యాండ్స్

విమానంలో నా చుట్టూ అంతా పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళే. అందరి ఒళ్ళోనూ సర్టిఫికెట్ల ఫైళ్ళు, పై సంచిలో ఆవకాయ. నా పక్కన కూర్చున్నతను ఏ ప్లాట్‌ఫామ్ మీద పనిచేస్తారండీ అని అడిగాడు. పరంజా మీద అన్నాను. అది కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అనుకున్నట్టున్నాడు, మర్యాదగా తలూపాడు.

మా పిన్ని కూతురు పద్మజ వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటుంది. అది కూడా సాఫ్ట్‌వేరే. పదకొండో అంతస్తులో ఫ్లాటు. వంటింటి కిటికీలోంచి చూస్తే సముద్రపు పాయ, దాని మీద వంతెన, అవతల మలేషియా. తెల్లారకముందే ఆ వంతెన మీద మోటారు సైకిళ్ళ వరస మొదలవుతుంది. అవతల కాపురం, ఇవతల కొలువు. రోజూ పాస్‌పోర్టు చూపించి పనికెళ్ళే మనుషుల్ని అక్కడే మొదటిసారి చూశాను.

"ఇక్కడ ఇల్లంటే ఫ్లాటే అక్కా. నేల మీద ఇల్లుందంటే వాడు కోటీశ్వరుడన్నట్టే. వాళ్ళ గేటు దాకా కూడా నిన్ను రానివ్వరు," అంది పద్మజ.

"గేటు బయట రోడ్డు వాళ్ళ తాతది కాదుగా," అన్నాను.

దాని కూతురు హారికకి తొమ్మిదేళ్ళు. నా ఫోటో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "పెద్దమ్మా, ఇంత దూరం ఫర్ దిస్ ఆ? ఇట్స్ జస్ట్ ఎ రూఫ్ లా!" అని టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఎదురు ఫ్లాటులో చీనా దంపతులు కొత్తగా దిగారు. గడప దగ్గర నిలబడి ఏదో గట్టిగా పలుకుతూ ఒక అనాసపండుని ఇంట్లోకి దొర్లించారు. అది గది చివరిదాకా వెళితే అదృష్టమట. మనం పాలు పొంగిస్తాం, వాళ్ళు పండు దొర్లిస్తారు. ఇల్లు చల్లగా ఉండాలన్న కోరిక మాత్రం ఇద్దరిదీ ఒకటే. పండు సోఫా కాలికి తగిలి ఆగిపోయింది. ఆవిడ గబగబా వెళ్ళి కాలితో ఇంకాస్త ముందుకు తోసింది. చూసి నేను నవ్వాను, ఆవిడా నవ్వింది.

మర్నాడు పొద్దున్నుంచి బస్సు పైఅంతస్తులో కూర్చుని ఊళ్ళోకి, ఊళ్ళోంచి వెనక్కి నాలుగుసార్లు తిరిగాను. ప్రభాకర్ గారు చెప్పిన గుర్తు ఒకటే, పెట్రోలు బంకు దాటాక కుడివైపు. దారిలో పెట్రోలు బంకులు ఎన్నున్నాయో లెక్కపెట్టడం మూడోదాని దగ్గరే మానేశాను. నాలుగోసారి డ్రైవరు అద్దంలోంచి నన్నే చూడటం మొదలుపెట్టాడు. మధ్యలో దిగి రెండు పరోటాలు తిన్నాను, వాళ్ళు ప్రాటా అంటారు. ఒక్కోటి అరవై సెంట్లు, అంటే మన పదిహేను రూపాయల పైమాట. చారెడు కూరకి అంత పెట్టాలా అనిపించింది గానీ, పరోటా మాత్రం పొరలు పొరలుగా వచ్చింది. ఇల్లు దొరకలేదు.

టోవా పాయో

పద్మజ ఆఫీసులో ఎవరో టోవా పాయోలో ఇంటి సామాను అమ్మే పాత కొట్లు ఉన్నాయని చెప్పారట. మూడో రోజు రైలెక్కి అక్కడికి వెళ్ళాను. ఫ్లాట్ల మధ్యలో అంగళ్ళు, అంగళ్ళ మధ్యలో ముసలివాళ్ళు బల్లల మీద గళ్ళు గీసుకుని ఆడుకుంటున్నారు. వుడ్‌ల్యాండ్స్ కన్నా పాత ఊరు, అందుకేనేమో మనుషులు తీరిగ్గా కనిపించారు. డెబ్బై సెంట్లకి కాఫీ తాగాను. గ్లాసు అడుగున డబ్బాపాలు రెండంగుళాల మందాన ఉన్నాయి. కలపకుండా తాగాలో కలిపి తాగాలో తెలియక మొదటి సగం చేదుగానూ, రెండో సగం పాకంలాగానూ తాగేశాను.

నాలుగు కొట్లు తిరిగాను. కొత్త పెంకులు, మెరిసే రేకులు, కప్పు కిటికీలు, అన్నీ చూపించారు. ఫోటో చూపిస్తే మాత్రం తల అడ్డంగా ఊపారు. అయిదో కొట్టు సందు చివర. యజమాని అరవై దాటిన చీనా ఆయన, బనీనుతో కూర్చుని రేడియో వింటున్నాడు. కొట్టు పక్క ఖాళీ స్థలంలో పాత పెంకుల గుట్ట ఉంది. బూడిదరంగు, అడుగుభాగం చేప పొలుసులా గుండ్రంగా. నా చేతిలో ఫోటోలో ఉన్నవీ అవే.

గుట్ట దగ్గరికి పరిగెత్తి ఒక పెంకు చేతిలోకి తీసుకున్నాను. దానికి రెండు చిల్లులు ఉన్నాయి. మేకు కోసం. మన దగ్గర పెంకుని సిమెంటుతో అతికిస్తాం, వాళ్ళు మేకుతో కొట్టారు. ఇన్నాళ్ళూ పెంకులతో తంటాలు పడిన నాకు ఆ చిల్లులు చూస్తే నిధి దొరికినట్టయింది.

కొట్టు ఆయన ఫోటో చూసి, "ఫ్రెంచ్ రూఫ్! రిచ్ మ్యాన్ రూఫ్! బుకిత్ తిమా," అన్నాడు. తర్వాత చేత్తో గాలిని కోస్తున్నట్టు చూపించి, "యు గో టుడే. నెక్స్ట్ వీక్ నో మోర్ లా. ఆల్ బ్రేక్," అన్నాడు.

ఆ ఇల్లు కూలుస్తున్నారు. దాని స్థానంలో ఫ్లాట్లు వస్తాయట. సగం పెంకులు ముందే దింపి ఆయనకి అమ్మేశారు. ఇంత దూరం ఎగిరొచ్చి ఎవరైనా చేసే పనేనా ఇది అని నా మీద నాకే కోపం వచ్చింది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. నిలబడి ఉన్న కప్పు అయితే బయటినుంచి చూడటమే. కూలుతున్న కప్పు అయితే లోపల ఏముందో కూడా కనిపిస్తుంది. ఆ ఇంటి చిరునామా ఆయన కాగితం మీద రాసిచ్చాడు. పెంకుకి డబ్బులిస్తానంటే వద్దని చెయ్యి ఊపాడు. ఆ పెంకు ఇప్పుడు నా బల్ల మీద కాగితాల బరువుగా ఉంది.

బుకిత్ తిమా

టాక్సీలో వెళ్ళాను. తొమ్మిది డాలర్లు. మీటరు చూస్తూ కూర్చుంటే దారి చూడలేకపోయాను.

ఇల్లు ఊళ్ళోకి వెళ్ళే దారిలో ఎడమవైపు ఉంది. ప్రభాకర్ గారు ఆఫీసునుంచి ఇంటికొచ్చేటప్పుడు చూసి ఉంటారు, నేను ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు వెతికితే ఎలా దొరుకుతుంది! చుట్టూ రేకుల కంచె కట్టారు. కంచె పైనుంచి కప్పు కనిపించింది. సగం పెంకులతో, సగం ఎముకల్లాంటి చెక్కలతో. పైకి చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాను. వెనక కాలువ ఉందన్న సంగతి మర్చిపోయాను.

సింగపూరు కాలువల గురించి ఎవరూ రాయరెందుకో. నిలువెత్తు లోతు, అద్దంలాంటి సిమెంటు, చెత్త కాదు కదా ఆకు కూడా ఉండదు. నేను పడ్డది అదృష్టవశాత్తూ చిన్నదాంట్లో, మోకాలి లోతు. చెప్పు తెగింది. అచ్చ తెలుగులో నన్ను నేనే నాలుగు తిట్టుకున్నాను.

"దెబ్బ తగిలిందేటమ్మా?"

పైనుంచి, పరంజా మీదనుంచి వచ్చింది మాట. తల మీద పసుపుపచ్చ టోపీ, తెల్ల మీసం, డెబ్బైకి దగ్గర మనిషి. దిగి వచ్చి చెయ్యిచ్చి లేపాడు. ఆయన పేరు అప్పన్న. అప్పన్న అంకుల్ అనమన్నాడు, అక్కడ పెద్దవాళ్ళంతా అంకుల్సే. ఆయన తాత సిక్కోలు వైపునుంచి రబ్బరు తోటల్లో కూలికి ఓడలో వచ్చాడట. ఈయన పుట్టింది, పెరిగింది, ముసలైంది అంతా ఇక్కడే. వచ్చేది తాతల నాటి తెలుగు. మధ్యమధ్య అరవం, మలాయీ.

"ఈ అతాప్ నేనే ఎక్కించినానమ్మా, ఇరవై రెండేళ్ళు కిందట," అన్నాడు కప్పు చూపిస్తూ. అతాప్ అంటే మలాయీలో కప్పు. "ఇప్పుడు నేనే దింపతన్నాను. ఎక్కించినోడికి దింపడం సుళువని నన్నే పిలిసినారు."

"ఇరవై రెండేళ్ళలో కారిందా అంకుల్?"

ఆయన మీసం పైకి లేచింది. "నా అతాప్ బొచోర్ అవ్వడమా? ఎవర్నైనా అడుగు."

లోపలికి తీసుకెళ్ళమన్నాను. కుదరదన్నాడు. టోపీ ఉండాలి, బూట్లుండాలి, సంతకాలుండాలి. ఇక్కడ రూలంటే రూలే, లోపల పైఆఫీసరున్నాడన్నాడు. సరే, రేపొస్తానన్నాను.

మర్నాడు ఏడున్నరకల్లా పద్మజ బూట్లు వేసుకుని కంచె ముందు నిలబడ్డాను. రెండు సైజులు పెద్దవి. లోపల రెండు జతల మేజోళ్ళు. ఆఫీసరు ఒక కుర్ర చీనా అతను, నా కాగితాలన్నీ చూసి కుదరదన్నాడు. నేను కదల్లేదు. తొమ్మిదయింది. పదయింది. టీ తాగడానికొచ్చిన అప్పన్న అంకుల్, "నువ్వెల్లవేటి?" అన్నాడు. వెళ్ళనన్నాను. ఆయన లోపలికి వెళ్ళి ఆఫీసరుతో మలాయీలో చాలాసేపు మాట్లాడాడు. పదకొండున్నరకి ఒక కాగితం వచ్చింది. పడితే నాదే పూచీ అని ఉందట. చదవకుండానే సంతకం పెట్టాను.

పైన ఏం చూశానో మామూలు మాటల్లో చెప్తాను. నిటారు వాలు కింది అంచున, నీళ్ళు పోవడానికి ఒక తొట్టి కాలువ ఉంటుంది. గట్టరు అంటాం. నేను కట్టిన ఇంట్లో ఆ గట్టరు కనిపించకూడదని దాని బయటివైపు తొమ్మిదంగుళాల పిట్టగోడ లేపాను. అందంగా ఉంటుందని. ఇక్కడ గట్టరు బయటి అంచు లోపలి అంచు కన్నా రెండంగుళాలు తక్కువ. ప్రతి మూలా ఒక గొట్టం, గిన్నె మూతంత వెడల్పు. ఎక్కడా నీళ్ళు నిలవవు. నిలిస్తే దోమలు, దోమలు పెరిగితే జుర్మానా అన్నాడు అంకుల్.

మూడు గంటలకి ఆకాశం నల్లబడింది. అందరినీ కిందికి దిగమన్నారు. ఇంకా విప్పని తూర్పు వైపు కప్పు కింద, వరండాలో నిలబడ్డాం. అంత వాన నేను మా వైపు ఉప్పెన రోజుల్లో తప్ప చూడలేదు. గొట్టాలు నిండిపోయాయి, గట్టరు నిండింది. నిండిన నీళ్ళు తక్కువగా ఉన్న బయటి అంచు మీదనుంచి పొర్లి, ఇంటికి రెండడుగుల అవతల, తోటలో పడిపోయాయి. లోపల గోడ పొడి. చెయ్యి పెట్టి చూశాను. మళ్ళీ చూశాను. సంతోషం పట్టలేక అంకుల్ చెయ్యి పట్టుకుని ఊపేశాను. కారిన నా ఇంటి సంగతి అంతా చెప్పాను.

"రేపు ఆదివారం. మా యింటికి బోజనానికి రా. నీ ఇంటి బొమ్మ తీసుకురా," అన్నాడు. బొమ్మంటే ప్లాను.

బూన్ లే

బూన్ లే ఊరికి పడమటి కొస. రైలు దిగాక ఫ్యాక్టరీల పొగ వాసన, ఆ పక్కనే ఫ్లాట్లు. అంకుల్ ఇల్లు నాలుగో అంతస్తు. గుమ్మానికి మామిడాకులు ప్లాస్టిక్‌వి, గోడ మీద సింహాచలం అప్పన్న పటం. ఆంటీ పేరు రాజమ్మ. చేపల పులుసు పెట్టింది. చింతపండు పులుపు మనదే, అందులో కొబ్బరిపాలు మాత్రం వాళ్ళది. పక్కన ఎండు రొయ్యల కారం. తెలుగు దేశం ఎప్పుడూ చూడలేదట. "అక్కడ కూడా పులుసంటే ఇలాగే ఉంటాదా?" అని అడిగింది. ఇంకా బావుంటుందని అనబోయి, రెండోసారి వడ్డించుకున్నాక ఆ మాట మానుకున్నాను.

భోజనం మధ్యలోనే అంకుల్ నా బొమ్మ విప్పమన్నాడు. నేను పెంకుల గురించి మొదలుపెట్టాను. మా మేస్త్రి సరిగ్గా అతకలేదు, మీలాగా మేకులు కొట్టి ఉంటే అంటూ చెప్పుకుపోతున్నాను. ఆయన వినటం లేదు. అన్నం అంటని ఎడమచేతి వేలు బొమ్మ మీద గట్టరు వెంట నడిపించుకుంటూ పోయాడు. నైరుతి మూలనుంచి దక్షిణం, తూర్పు మీదుగా ఈశాన్యానికి. మళ్ళీ నైరుతినుంచి పడమర, ఉత్తరం మీదుగా ఈశాన్యానికే.

"ఇదేటి? నాలుగు పక్కల నీళ్ళకీ ఒకటే గొట్టమా?"

"వాస్తు అంకుల్. కప్పు మీద నీళ్ళన్నీ ఈశాన్యంలోనే దిగాలని సిద్ధాంతి చెప్పారు. ఇంటాయనకి నమ్మకం. సరేనన్నాను."

"బయట గోడ ఇంత ఎత్తు. ఒక్క గొట్టం. మరి నిండితే నీళ్ళు ఎటు పోవాల?"

నిండితే లోపలికే. ఈశాన్యంలో ఉన్నది దేవుడి గది.

"ఈ బొమ్మ ఎవులు గీసినారు?"

"నేనే."

"మేస్త్రి ఏటి సేసినాడు?"

"గీసినట్టు కట్టాడు."

రాజమ్మ ఆంటీ వడ్డించబోయిన గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. అంకుల్ బొమ్మ మడిచి పక్కన పెట్టాడు. "మా నాయనమ్మ అంటుండేది, నీరు పల్లమెరుగు అని. దాని ఎనకాల ఇంకో ముక్కుండేది. మర్సిపోనాను," అన్నాడు.

"నిజము దేవుడెరుగు," అన్నాను.

"ఆఁ, అదే అదే," అని సంబరపడ్డాడు. నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

ఎందుకంటే సూరిబాబు ముందే చెప్పాడు. గట్టరుకి వాటం కడుతున్న రోజున, "మేడమ్, ఇంత పొడుగు నీళ్ళు ఒక్క గొట్టంలోకా? ఇంకోటి పెడదామా?" అని అడిగాడు. చదువుకున్నది నువ్వా నేనా అన్నాను. నలుగురు కూలీల ముందు అన్నాను. అతను మళ్ళీ మాట్లాడలేదు. కారిన రోజున కూడా నేను నీకు చెప్పానుగా అని అనలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇదంతా నాకు ఆ నెల్లాళ్ళుగా గుర్తులేక కాదు. గుర్తు రానివ్వలేదు. చేపల పులుసు ముందు కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను.

అంకుల్ నన్ను తేర్చడానికి తన కథ చెప్పాడు. ఆ బుకిత్ తిమా ఇంటాయన కూడా, నీళ్ళు ఇంటి ముందుకే రావాలి, అప్పుడే సిరి వస్తుందని పట్టుబట్టాడట. చీనా వాళ్ళ వాస్తు అది. "సరే సరే అన్నాను. ముందర చిన్న ఫౌంటెన్ కట్టిచ్చినాను. పగలూ రేత్రీ నీళ్ళాడుతుంటాయి. అతాప్ నీళ్ళు మాత్రం నాలుగు మూలల్నుండి వాటి దారిన అవి పోయినాయి. ఇంటాయనకి సంతోసం, నీళ్ళకీ సంతోసం," అని నవ్వాడు.

అప్పుడు తట్టింది నాకు. మన వాస్తులో ఈశాన్యంలో ఉండాల్సింది నేలలో నీళ్ళ సంపు. నాలుగు మూలల్లో నాలుగు గొట్టాలు దింపి, భూమిలోంచి నాలుగింటినీ ఈశాన్యం సంపుకే కలిపేస్తే? కప్పు మీద తిప్పిన నీళ్ళని నేల కింద తిప్పితే సిద్ధాంతికేం అభ్యంతరం? బొమ్మ వెనక్కి తిప్పి అక్కడే గీశాను. అంకుల్ చూసి, బయటి గోడ కొట్టెయ్, అంచు దించెయ్ అన్నాడు. గీశాను. ఇంకో మాట, మన ఎండకి పెంకుల కింద గాలి ఆడే సందు వదలమన్నాడు. అదీ గీశాను.

సాయంత్రం పద్మజ ఇంటినుంచి ప్రభాకర్ గారికి ఫోన్ చేశాను. కారణం దొరికిందని, తప్పు పెంకులది కాదని, బొమ్మదని, బొమ్మ నాదని చెప్పాను. ఫోన్ బిల్లు తిరుగుతోందని పద్మజ సైగలు చేస్తోంది.

"కొత్త బొమ్మ తీసుకురండి, చూద్దాం," అన్నారు ప్రభాకర్ గారు. "అయితే మేడమ్, మరి ఆ మేస్త్రిని ఎందుకు పంపించేశారు?"



తిరిగి వచ్చాక

ఇల్లు ఏమైందని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను. నిలిచింది. ప్రభాకర్ గారు శ్రావణంలో ఆ ఫ్రెంచి కప్పు కిందే పాలు పొంగించారు. సిద్ధాంతి సంపు మూత తీయించి చూసి బావుందన్నారు. ఆషాఢంలో పడ్డ రెండు పెద్ద వానలకి నేను దేవుడి గదిలోనే కూర్చున్నాను. ఒక్క చుక్క పడలేదు. అదంతా తర్వాతి మాట. విమానం దిగిన రోజున జరిగింది చెప్పి ముగిస్తాను.

ఇంటికి వెళ్ళలేదు. పెట్టె టాక్సీలో పెట్టుకుని సూరిబాబు ఎక్కడున్నాడో కనుక్కుంటూ వెళ్ళాను. మియాపూర్ అవతల ఒక అపార్ట్‌మెంటు దగ్గర దొరికాడు. మేస్త్రిగా కాదు, ఇంకో మేస్త్రి కింద కూలికి. ఆ రోజు అక్కడ స్లాబు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ నలభై మంది వరసకట్టి కాంక్రీటు తట్టలు అందుకుంటున్నారు. వరస మధ్యలో సూరిబాబు. ఎవరో వెనకనుంచి, "ఓ కారుడు మేస్త్రీ, తొందరగా అందుకో," అని అరిచారు. అందరూ నవ్వారు. ఆ పేరు పెట్టింది నేనే. నోటితో పెట్టకపోయినా, నేనే.

స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆగదు. ఎండలో నిలబడ్డాను. రెండయింది, మూడయింది. ఇంక ఉండబట్టలేక వరస దగ్గరికి వెళ్ళి, "సూరిబాబూ, తప్పు నీ పెంకుల్లో లేదు. నా బొమ్మలో ఉంది. నువ్వు ముందే చెప్పావు, నేను వినలేదు. నలుగురిలో నిన్ను అవమానించాను. ఆ ఇల్లు మళ్ళీ నువ్వే చెయ్యాలి," అన్నాను.

అతను చేతిలో తట్ట పక్కావిడకి అందించాడు. నా వైపు తిరగలేదు.

"మిల్లరు మోతలో ఎవలికీ ఇనబడలేదు మేడమ్," అన్నాడు. "ఆగినాక ఇంకోపాలి చెప్పండి."

కాంక్రీటు తిప్పే ఆ మిల్లరు ఇంకో గంట తిరిగింది. నేనూ నిలబడ్డాను. అది ఆగాక ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమయింది. నలభై మందీ తట్టలు కడుక్కోవడానికి నీళ్ళ తొట్టి చుట్టూ చేరారు. సూరిబాబు చేతులు కడుక్కుని, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, వాళ్ళందరి మధ్యా వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పండి," అన్నాడు.

చెప్పాను. వెనక వరసలో ఉన్నవాళ్ళకి కూడా వినబడేటట్టు, మొదటి ముక్కనుంచి, మళ్ళీ చెప్పాను.